మీట తిప్పిన చెయ్యి

పొద్దున్నే కూతురు పిచ్చుక చెవిలో వినికిడి మిషన్ పెట్టడం నాన్న పని. పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, చెవిలో ఇమిడే అచ్చును మెల్లగా తిప్పుతూ దూర్చేవాడు. మిషన్ కుయ్యిమంటే "రైలొచ్చింది, ఎక్కెక్కు!" అని నవ్వించేవాడు. ఆయన పోయాక ఆ పని తల్లి మీద పడింది. ఆవిడ చేతికి ఆ ఒడుపు లేదు.

ఆయన మంచాన పడ్డప్పటినుంచి అచ్చు మార్పించే దిక్కు లేకపోయింది. చివరికి ఆవిడే పిల్లను అచ్చులు చేసే ఆయన దగ్గరికి తీసుకెళ్ళింది.

"ఏమ్మా, పిల్ల చెవి పెరిగింది. అచ్చు పెరగదుగా! కిందటేడు చెప్పులు ఇప్పుడు పడతాయా? సందు వదిలితే కూయక ఏం చేస్తుంది?" అన్నాడాయన. మిషన్‌ను వెలుగులో తిప్పి చూశాడు. "శబ్దం పెంచే మీట అట్టడుక్కి ఉందేంటి?"

మీట పైకి తిప్పి, కూయకుండా అచ్చును వేలితో అదిమిపట్టి పిల్లనడిగాడు. "నువ్వేనా తిప్పింది, గడుగ్గాయీ?"

పిచ్చుక తల్లి మొహం చూసింది. "ఊఁ, నేనే" అంది.

"చూశారా! అందుకే పిల్లల మిషన్లకి మీట మీద బిగించే మూత తయారుచేస్తున్నా. వీళ్ళ వేళ్ళు ఊరుకోవు."

తల్లికి తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆసుపత్రిలో నాన్న ఆఖరి రాత్రి, పక్కమంచం ఆవిడ "ఏంటమ్మా ఆ కూత, రోగులు పడుకోవద్దా?" అని కసిరితే, మీట తగ్గించింది తనే. కాసేపటికి ఆయన కళ్ళు తెరిచాడు. "రైలు రాలేదేంటే పిచ్చుకా? నా మీద అలిగావా?" అన్నాడు. పిల్ల చూసింది గానీ పలకలేదు. మీట పెంచుదామని తల్లి చెయ్యి చాపి, మళ్ళీ కూస్తే అందరూ చూస్తారని వెనక్కి తీసుకుంది. ఆయన అటు తిరిగి పడుకున్నాడు. తెల్లారేసరికి లేడు. ఆ మీట ఇన్నాళ్ళూ అలాగే ఉంది. పిలిస్తే పిల్ల పలక్కపోతే, నాన్న మీద బెంగ అని తల్లి అందరికీ చెప్పుకుంది.

సాయంత్రానికి మెత్తటి కొత్త అచ్చు వచ్చింది. కూత లేదు. ఇంటికొచ్చి తల్లి గిన్నెలు తోముతుంటే పిచ్చుక చెవి మూసుకుని, "అబ్బా, ఎంత చప్పుడో!" అంది. దగ్గరికొచ్చి అడిగింది. "అమ్మా, ఆరోజు నాన్న నాతో ఏదో అన్నాడు. ఏమన్నాడు?"

"బుద్ధిగా ఉండమన్నాడు" అనేస్తే అయిపోయేది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిడ కుళాయి కట్టేసింది. సబ్బు చేతులతోనే పిల్ల ఎదురుగా నేలమీద కూర్చుంది.

"చెప్తా. ముందు ఇది విను. మీట తిప్పింది నేను."

"నాకు తెలుసు. ఎందుకు తిప్పావ్?"

"సిగ్గేసి."

పిల్ల నాన్న మాట కోసం అమ్మ మొహంలోకి చూస్తూ అక్కడే నిలబడింది. సగం తోమిన గిన్నెల మీద నురగ ఆరిపోతోంది. ఆవిడ వాటివైపు తిరగలేదు.