గోడవతల వినిపించిన చప్పుడు

ఈ సంగతి చెప్పబోయిన ప్రతిసారీ నన్ను మధ్యలోనే ఆపేశారు. మా బావమరిది నవ్వాడు. యూనియన్ ఆఫీసులో ఒకాయన "భార్య పోయిన దుఃఖం" అంటూ భుజం తట్టి చాయ్ తెప్పించాడు. ఓ వారపత్రికకు రాసి పంపితే జవాబు కూడా లేదు. అందుకే ఈసారి మొత్తం రాస్తున్నాను. దయ్యాల మీద నాకు అప్పుడూ నమ్మకం లేదు, ఇప్పుడూ లేదు. బొగ్గు బాయిలోకి దిగి పనిచేసినవాణ్ణి. చీకటంటే నాకు డ్యూటీ, అంతే.

ఎనభైల్లో మేము గోదావరి పక్కన బొగ్గు గనుల కాలనీలో, ఓ క్వార్టర్‌లో ఉండేవాళ్లం. నాకు ఊపిరితిత్తుల గొట్టాలు వెడల్పై కఫం నిలిచిపోయే జబ్బు. బాయి దుమ్ము వల్లేనని నేనంటాను. బీడీల వల్లనని ఆస్పత్రి చీటీలో రాశారు. జన్మలో బీడీ ముట్టనివాణ్ణి. దిద్దమని ఎన్నిసార్లు అడిగినా దిద్దలేదు.

ఇది నయమయ్యేది కాదు, రోజూ కఫం తీసేయడమే మందు అన్నాడు డాక్టరు. పొద్దున లేవగానే వేణ్నీళ్ల ఆవిరి పట్టాలి. తర్వాత కాళ్లవైపు ఇటుకలు పెట్టి ఎత్తిన మంచం మీద, తల కిందికి ఉండేలా బోర్లా పడుకోవాలి. ఎవరైనా వీపు మీద అరచేత్తో కొడుతూ ఉండాలి. కఫం కదిలి గొంతులోకి వస్తే దగ్గి ఉమ్మాలి.

ఆ కొట్టే పని నా భార్య రాజవ్వది. జొన్నరొట్టెలు చరిచిన చెయ్యి. మొదట్లో నా వీపునూ అట్లాగే చరిచేది, మండిపోయేది. డాక్టరు చూసి, "గిది రొట్టె కాదమ్మా" అని, దోసిట్లో నీళ్లు పట్టినట్టు అరచెయ్యి గుంట చేసి చూపించాడు. ఆ రోజు నుంచి చప్పుడే మారింది. ఖాళీ కుండ మీద తట్టినట్టు గుల్లగా ఉండేది.

"ఆఫీసుల పెద్దసార్ల మీద ఒర్రుతవు గదా, గట్లనే దగ్గు. అంత బయటికొస్తది" అనేది. నేను వాళ్ల మీద అరిచినంత కోపంతో దగ్గేవాణ్ణి. నిజంగానే వచ్చేది.

పక్క క్వార్టర్‌కూ మాకూ ఒకటే గోడ. అందులో లచ్చవ్వ కుటుంబం ఉండేది. "మీ ఇంట్ల చప్పుడు మొదలైతెనే నేను పొయ్యి ముట్టిచ్చేది" అని రాజవ్వతో నవ్వేది.

రాజవ్వ కామెర్లొచ్చి పోయింది. దినాల నాడు ఆమె అన్న నలుగురి ముందు అన్నాడు: "నీ రోగానికి చాకిరి చేసి చేసే మా చెల్లె పోయింది, బావా." ఆ మాట నేనింకా మరువలేదు.

ఆ తర్వాత ఆ మంచం ఎక్కలేదు. మా బిడ్డ అత్తగారి ఊరు బోథ్ నుంచి వచ్చి, "బాపూ, నేను కొడుత, జర పండుకో" అని బతిమాలింది. ఇంకొకరి చెయ్యి నా వీపు మీద పడటం నాకిష్టం లేదు. పంపించేశాను. ఛాతీ నిండిపోయింది. వాకిలి దాటితే ఆయాసం, పడుకుంటే లోపల బుడబుడ.

ఓ పొద్దున వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఇంట్లో ఎవరూ లేరు. లచ్చవ్వ పిండి చేతులతోనే బయటికొచ్చి, నన్ను చూసి ఆగిపోయింది.

"అన్నా, నువ్వు గీడున్నవా? మరి లోపల ఎవరికి కొడుతుండ్రు?"

"లోపల ఎవలున్నరు? నీ రొట్టెల చప్పుడే ఇన్నట్టున్నవు."

"నా రొట్టెల చప్పుడు నాకు తెల్వదా? గది గుంట చెయ్యి. రాజవ్వదే. కొట్టుడు, ఆగుడు, మల్ల కొట్టుడు."

వెళ్లి చూశాను. మంచం ఖాళీ. మాకు రెండో పక్కన ఉన్న క్వార్టర్‌లో అప్పుడు ఎవరూ లేరు. దాని తాళం నేనే లాగి చూశాను.

మర్నాడు ఆవిరి పట్టి, ఇటుకలు సర్ది, బోర్లా పడుకున్నాను. వీపు మీద ఏ చెయ్యీ పడలేదు. ఏ చప్పుడూ లేదు. చాలాసేపు ఎదురుచూసి, విసుగొచ్చి దగ్గాను. కఫం వచ్చింది, గిన్నె నిండా. లేచి బయటికొస్తే లచ్చవ్వ గడపలో నిలబడి ఉంది. "ఇయ్యాల శానసేపు కొట్టింది, అన్నా" అంది. ఏడుస్తోంది.

ఆస్పత్రిలో డాక్టరు వీపుకు స్టెతస్కోపు పెట్టి విన్నాడు. "ఇంట్ల ఎవరు కొడుతున్నరు? మంచిగ కొడుతున్నరు, ఆపొద్దు" అన్నాడు. ఎవరూ లేరన్నాను. నమ్మలేదు.

తల కిందికి పెట్టి పడుకుంటే కఫం దానంతటదే జారుతుందని కొందరన్నారు. సరే. మరి చప్పుడు? లచ్చవ్వకు నాతో అబద్ధమాడే అవసరమేముంది? ఆ ఎండాకాలమంతా ఆమె విన్నది. వానలు పడ్డాక ఆగిపోయిందని కూడా ఆమే చెప్పింది. మొదలైనప్పుడూ నాకు తెలియలేదు, ఆగినప్పుడూ తెలియలేదు. అదేమిటో ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు.

కాలనీ వదిలి కరీంనగర్ వచ్చేశాను. ఇక్కడా రోజూ అట్లాగే పడుకుంటాను. దగ్గే ముందు కాసేపు ఊపిరి బిగబట్టి వింటాను.

డాక్టర్ల జవాబు నాకక్కర్లేదు. పత్రికవాళ్లదీ అక్కర్లేదు. రాజవ్వా, నిన్నే అడుగుతున్న. ఈపు నాది. గోడవతలామెకు ఇనిపిచ్చినవు, డాక్టర్‌కు ఎరుక చేసినవు. నాకెందుకు ఒక్క దెబ్బన్న తగలనియ్యలే? జవాబు చెప్పు.