తలవైపు నూలుపోగు

నా చిన్నప్పుడు మా ఖానాపూర్ వైపు ఎడారి దేశం ఏదైనా దుబాయే. మా బాపు పోయింది మస్కట్‌కని నాకు చాలా ఏళ్ల తర్వాతగాని తెలియలేదు. పోయిన రెండేళ్లకు ఆయన చెక్కపెట్టెలో తిరిగొచ్చాడు. పరంజా మీద నుంచి పడ్డాడన్నారు. పెట్టె విప్పవద్దని కాగితంలో రాసి ఉందట.

పెట్టె వెంట ఒకాయన వచ్చాడు. వేములవాడ మనిషి, మరమగ్గం కూలి చాలక ఆ దేశం పోయినవాడు. ఆయన్ని మేము బాబాయి వరసలో 'వేములవాడ కాక' అన్నాం. అక్కడ శుక్రవారం సెలవు. అందరూ నడుం వాల్చే ఆ రోజున ఆయన ఆస్పత్రి శవాల గదికి పోయి, అయినవాళ్లు దగ్గర లేని మనవాళ్లకు చివరి స్నానం చేయించేవాడట. ఎవరూ చెయ్యమనలేదు. అక్కడ ఆ పనిచేసే ముసలాయన ఆ దేశస్థుడే. మొదట్లో ఈయన్ని కసిరి తరిమాడు. పోను పోను ఇంటికి తీసుకుపోయి తన పళ్లెంలోనే అన్నం తినిపించాడట.

శ్మశానం దారిలో దింపుడు కళ్లం దగ్గర పెట్టె దించారు. అక్కడ పోయినవారి చెవిలో మూడుసార్లు పిలుస్తారు. కొసప్రాణం ఉంటే లేస్తారని ఆశ. మగపిల్లలు లేరు కాబట్టి నన్ను పిలవమన్నారు. తొమ్మిదేళ్లదాన్ని. మేకులు కొట్టిన చెక్కకు చెవి ఎక్కడుంటుంది? మా పెద్దబాపు తొందరపెడితే ఒక కొసకు నోరు ఆనించి 'బాపూ' అన్నాను. కాక నా రెక్క పట్టుకుని రెండో కొసకు నడిపించాడు. అక్కడ మేకుకు తెల్లటి నూలుపోగు ముడివేసి ఉంది. నేను పిలిచింది కాళ్లవైపట. ఊళ్లలో ఇట్లాగే తడబడతారని, తాను సాగనంపే ప్రతి పెట్టెకూ తలవైపు పోగు కట్టేవాడట.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇప్పుడు పిలిస్తే ఏం లాభం, అక్కడే ఎవరైనా పిలిచి ఉంటే లేచేవాడు గదా అని ఏడుస్తూ ఆయన్ని కొట్టాను. ఆయన కదలకుండా కొట్టించుకున్నాడు.

"పిలిచినం బిడ్డా," అన్నాడు. "నేను పోయేసరికే గా ముసలాయన మీ బాపు చెవుల పిలుస్తుండు. మన రివాజు నేనే నేర్పిన. కాగితం చూసి పేరు చదువుకున్నడు. నోరు తిరుగుతలేదు, అయినా మూడుసార్లు పిలిచిండు. అటెన్క నేను పిలిచిన. లేవలే."

అప్పటిదాకా రాయిలా కూర్చున్న మా అవ్వ, నన్ను కన్నతల్లి, ఆ మాట విన్నాకే ఏడ్చింది. నేను పోగు దగ్గర వంగి మూడుసార్లూ పిలిచాను.

ఇప్పుడు నాకు మనవళ్లున్నారు. కరీంనగర్‌లో మా ఇంటి వెనుక రైస్‌మిల్లులో బిహార్ కూలీలు పనిచేస్తారు. మొన్న వానాకాలంలో ఒకతను కరెంటు తగిలి పోయాడు. "మనకెందుకవ్వా," అన్నాడు నా కొడుకు. నోరు మూసుకొమ్మని ఆస్పత్రికి పోయాను. తోటి కూలీని పోయినతని పేరడిగి, నాలుగుసార్లు చెప్పించుకుని నేర్చుకున్నాను. చెవి దగ్గర వంగి పిలిచాను. అతనూ లేవలేదు. తోటివాడు వాళ్లమ్మకు ఫోన్ కలిపి నా చేతికిచ్చాడు. అవతల ఆమె ఏడుస్తూ ఏవేవో అడుగుతోంది, నాకు సగం అర్థం కాలేదు. నాకొచ్చిన ఉర్దూ ముక్కల్లో ఆమెకు ఒక్కటే చెప్పగలిగాను, పిలిచామని.