రెండో దెబ్బ మీద చప్పట్లు

భవానీపురంలోని మా అపార్ట్‌మెంట్ వార్షికోత్సవంలో రాక్ అండ్ రోల్ కచేరీ చేయాలన్న పట్టుదల పక్క ఫ్లాట్ ఆయనది. విద్యుత్ శాఖలో ఇంజనీరుగా రిటైరైన మనిషి. కాలేజీ రోజుల నుంచి అదొక్కటే కోరిక. డ్రమ్ములు వాయించే మిత్రుణ్ణి వెతికి పట్టుకుని, తన గిటార్‌తో సెల్లార్‌లో కార్ల మధ్య నెలల తరబడి సాధన చేశారు.

ఆ సంగీతం పుట్టుపూర్వోత్తరాలు నాకు ఓపిగ్గా చెప్పేవారు. అమెరికాలో నల్లజాతివారి బ్లూస్, వాళ్ల చర్చి పాటలు, వాటికి తోడు తెల్లవాళ్ల పల్లెపాటలు కలిసి పుట్టిందట. నాలుగేసి దెబ్బల బార్లు పన్నెండు కలిస్తే ఒక చట్రం, అందులో తిరిగే మూడే మూడు కార్డ్‌లు, అంటే స్వరాల గుత్తులు. ప్రాణం మాత్రం డ్రమ్ముది. నాలుగు దెబ్బల్లో రెండోదీ నాలుగోదీ గట్టిగా పడాలి.

"చప్పట్లూ అక్కడే పడాలండీ. మొదటి దెబ్బ మీద పడ్డాయంటే ఇక అది భజనే," అన్నారు.

ఆయన భయమంతా అదే. మా అపార్ట్‌మెంట్‌లో శనివారం భజన ఎన్నడూ ఆగలేదు మరి.

ఆ సాయంత్రం ముందుగా శాలువాలు కప్పారు. రాక్ అండ్ రోల్ మూలాలు కూచిపూడిలో ఉన్నాయని అసోసియేషన్ అధ్యక్షుడు సెలవిచ్చారు. జిల్లాలు విడిపోయి పక్క జిల్లాలోకి వెళ్లినా కూచిపూడి మనదే కాబట్టి ఎవరూ కాదనలేదు.

పాట మొదలైంది. ముందు వరసలో కూర్చున్న భజన బృందం ఉత్సాహంగా చప్పట్లు అందుకుంది, సరిగ్గా మొదటి దెబ్బ మీద. ఆయన మొహం వాడిపోయింది. కాసేపు చూసి, డ్రమ్ముల మిత్రుడికి సైగ చేశారు. ఇద్దరూ కలిసి గుట్టుగా ఒక దెబ్బ అదనంగా వాయించారు. చప్పట్లు వాటంతటవే రెండో దెబ్బ మీదకు జరిగాయి. ఒక్క చరణం పాటు ఆయన మళ్లీ కాలేజీ కుర్రాడైపోయారు.

బృందాన్ని నడిపే ఆవిడ పక్కావిణ్ణి మోచేత్తో తట్టారు. అంతే, చప్పట్లన్నీ ఒక్క దెబ్బ ఆగి, తిరిగి మొదటి దాని మీదే కూర్చున్నాయి.

ఆయన వేదిక దిగగానే ఆవిడ ఓదార్చారు. "మధ్యలో తాళం తప్పారు అన్నయ్యగారూ. మేం సర్దేశాంలెండి, ఎవరికీ తెలీలేదు. శనివారాలు వచ్చి మాతో కూర్చోండి, అదే కుదురుతుంది."

"అలాగేనమ్మా," అన్నారాయన.

ఇప్పుడు ప్రతి శనివారం గిటార్ తీసుకుని భజనకు వెళ్తున్నారు. వాళ్ల తాళాలు మొదటి దెబ్బ మీద, ఈయన తీగ రెండో దాని మీద. ఆయనకు తాళం ఇంకా కుదరలేదని ఆవిడ బాధపడుతున్నారు. ఈ మధ్య భజనకు ఊపు మాత్రం ఎక్కడి నుంచో వచ్చిందట.