ఓణీల ఫంక్షన్‌లో ఐరేని కుండలు

జడ్చర్ల దగ్గర ఒక ఊళ్లో నేను అంగన్‌వాడీ టీచర్ని. చిన్న వయసులో తల్లులయ్యే ఆడపిల్లలు ఏటేటా తగ్గుతున్నారని మొన్న మీటింగ్‌లో అధికారులు చెబితే అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం తొమ్మిదో తరగతి స్వప్న ఓణీల ఫంక్షన్ గుర్తొచ్చింది.

వాళ్లమ్మ బొట్టు పెట్టి మరీ పిలిస్తే వెళ్లాను. పక్క గదిలో, చాప అడ్డం పెట్టినా, రంగులేసిన ఐరేని కుండలు కనిపించాయి. మా వైపు వాటిని పెళ్లికి తప్ప కుమ్మరి ఇంటి నుంచి తేరు.

"ఇవెందుకు తెచ్చిన్రు?" అన్నాను.

"గవి మా ఆడబిడ్డవి టీచరమ్మా, జాగా లేక ఈడ పెట్టింది. నువ్వు జర తిని జల్ది పో, ఎండ ముదురుతాంది" అంది వాళ్లమ్మ.

పిలిచిన మనిషే తరిమేస్తోందేమిటి? పందిట్లో ఎవరో కొత్త యువకుడు, కాళ్లకు పసుపుతో కూర్చున్నాడు. అక్షింతలు వేయడానికి వంగితే స్వప్న నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"పోకుండ్రి టీచర్. మీరు పొయ్యినంకనే తాళి కడ్తరట."

పెరట్లోకెళ్లి మా సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసి, వచ్చి ఆ పిల్ల పక్కనే కూర్చున్నాను. వాళ్ల మేనమామ "ఇంక పోరాదా?" అని మీదికొచ్చినా లేవలేదు. పోలీసు జీపు వచ్చేదాకా ఆ పిల్ల చెయ్యి వదల్లేదు. పెళ్లి ఆగింది. లేకపోతే మరుసటేడు కోడిగుడ్ల కోసం స్వప్న కడుపుతో నా కేంద్రానికే వచ్చేది.

మీటింగ్‌లో చెప్పింది నిజమే కావచ్చు. కానీ ఓణీల ఫంక్షన్‌కు ఎవరు పిలిచినా నేను ఇప్పటికీ ముందు పిల్లను చూడను, కుండల కోసం వెతుకుతాను.