బెల్లం ముక్కతో తగ్గని దగ్గు

హిమాలయాల్లో పై క్యాంపులో టెంటు ముందు కూర్చొని బూట్ల లేసులు కట్టుకుంటున్న మా బావ రాజేశ్వర్ మధ్యలో ఆగిపోయాడు. ఒక బూటు అయింది. రెండోదానికి వంగలేక నడుం నిటారుగా పెట్టి, నోరు తెరిచి గాలి పీల్చుకున్నాడు. అప్పటికి ఆ పొద్దు నడక ఇంకా మొదలే కాలేదు.

"ఏమైంది బావా?"

"ఏం కాలే. గీ లేసు పొట్టిగున్నది," అని దగ్గాడు. పొడి దగ్గు. నాకు ఏళ్లుగా తెలిసిన దగ్గే. అయినా ఏదో తేడాగా అనిపించింది.

బావది ఆదిలాబాద్. పత్తి జిన్నింగ్ మిల్లులో సూపర్‌వైజర్. నేను కరీంనగర్‌లో చాలాకాలం ఒక దినపత్రికకు రిపోర్టర్‌గా చేసి మానేశాను. పత్తి సీజన్ మొదలైతే మిల్లులో గాలి నిండా నూగే. పనిచేసేవాళ్లంతా దగ్గుతారు. దానికి ఎవరూ డాక్టర్ దగ్గరికి పోరు. బుగ్గన బెల్లం ముక్క పెట్టుకుని పనిలో పడతారు. 'జిన్నింగ్ దగ్గు' అంటారు దాన్ని. సీజన్‌తో వస్తుంది, సీజన్‌తో పోతుందని నమ్మకం.

మేం హిమాలయాలకు పోయింది ఒక జీపు కోసం. ఉట్నూర్ వైపు గుట్టల మీది గూడేల నుంచి, వానాకాలంలో నొప్పులు పడుతున్న ఆడవాళ్లను మంచానికి కట్టి రోడ్డు దాకా మోసుకొస్తారు. అక్కడ నర్సుగా పనిచేసే జంగుబాయి ఒకసారి బావతో, "దవాఖాన ఉన్నది సార్, దాంట్ల పడేసెటందుకు బండి లేదు," అంది. ఆ మాట ఆయన మనసులో ఉండిపోయింది. మార్కెట్‌కు పత్తి తెచ్చిన రైతులు ధర్మం కింద ఒక దోసెడు పత్తి పక్కన వేసే అలవాటు ఉంది. అలా వచ్చిన పత్తి అమ్మి జీపు కొనాలని బావ ఒక గోనెసంచి పెట్టాడు. ఒక ముసలి రైతు దాని ముందు నిలబడి, అన్నా అనడానికి అక్కడి వాడుకలో 'భావూ' అని పిలుస్తూ ఎకసెక్కంగా అన్నాడు.

"మేం చెమటోడ్చి పండిస్తిమి. నువ్వు సంచి పెట్టి కూసుంటివి. నీ కష్టమేంది భావూ?"

"మంచుకొండ ఎక్కుత కాకా. గీ సంచిల పత్తి తీస్కపోయి మంచు పక్కన పెట్టి ఫోటో తీస్త. ఏది తెల్లగున్నదో మీరే చెప్పుండ్రి."

ఆ పందెం మార్కెట్ అంతా పాకింది. సంచి మీద సంచి నిండింది. బావ గుండెకు టీఎంటీ పరీక్ష చేయించుకున్నాడు, నార్మల్. సెలవులకు కరీంనగర్ వచ్చినప్పుడల్లా ఎలగందుల కోట ఎక్కి దిగాడు. తోడు నన్నూ లాగాడు. "పేపరోడివి, నువ్వు రాస్తేనే నమ్ముతరు," అన్నాడు. సీజన్ చివర్లో, గుప్పెడు పత్తి ప్లాస్టిక్ కవర్లో చుట్టి చొక్కా జేబులో పెట్టుకుని బయలుదేరాడు.

దగ్గు కింది క్యాంపులోనే మొదలైంది. మా గైడ్ నేగి, నడివయసు మనిషి, దగ్గు ఎప్పటి నుంచి అని అన్నం దగ్గర అడిగాడు: "ఖాంసీ కబ్ సే హై?"

"గిది మా మిల్లు దగ్గు. ఊరి నుంచి వెంట వచ్చింది," అని బావ నవ్వాడు. నేనూ అవునన్నాను. నేగికి పత్తి మిల్లు గురించి ఏం తెలుసు? సరేనన్నాడు. మర్నాడు ఎక్కేటప్పుడు, ఎప్పుడూ ముందుండే బావ అందరికన్నా వెనక వచ్చాడు. దానికీ మా దగ్గర పేరుంది: అలసట.

లేసు కట్టలేకపోయిన పొద్దున నేను నేగిని పిలిచాను. అతను పల్స్ ఆక్సీమీటర్ తెచ్చాడు. మాకు ఎనభైల్లో చూపిస్తున్నది, బావ వేలికి పెడితే అరవైల్లోకి పడిపోయింది.

"చేతులు సల్లగున్నయ్, గందుకే," అన్నాడు బావ.

నేగి ఆ చేతుల్ని తన రెండు చేతుల మధ్య రుద్ది వెచ్చచేసి మళ్లీ పెట్టాడు. అంకె మారలేదు. వీపుకు చెవి ఆనించి విని, నా వైపు తిరిగాడు. "బైఠే బైఠే సాంస్ ఫూల్ రహీ హై. నీచే. అభీ." కూర్చున్నచోటే ఆయాసపడుతున్నాడు, ఇప్పుడే కిందికి దించాలి అని.

దూరంగా ఎదురుగా మంచు కనిపిస్తోంది. ఎండకు కళ్లు చెదిరేలా ఉంది.

"అగో, కండ్ల ముందట ఉన్నది," అన్నాడు బావ. ఒక్కో మాటకు ఆగుతున్నాడు. "గింత దూరం వచ్చి... మార్కెట్ల ఏ మొహం పెట్టుకొని తిరగాలె? జర బెల్లం ముక్క ఇయ్యి. తగ్గుతది."

బెల్లం ఇచ్చేలోగా మళ్లీ దగ్గు వచ్చింది. దస్తీ అడ్డం పెట్టుకుని, దాన్ని మడిచి గుప్పిట్లో దాచాడు. నేను వేళ్లు విడదీసి చూశాను. నురగ. లేత గులాబీ రంగు.

బావ కూడా చూశాడు. "రాత్రి బీట్‌రూట్ పెట్టిండ్రా?"

"పెట్టలే బావా."

ఇక ఆయన వాదించలేదు.

నేగి బావ నోట్లో ఊపిరితిత్తుల ఒత్తిడి తగ్గించే నిఫెడిపిన్ మాత్ర వేశాడు, చిన్న సిలిండర్‌తో ఆక్సిజన్ పెట్టాడు. టెంటు కర్రలకు స్లీపింగ్ బ్యాగు కట్టి నలుగురు పోర్టర్లు భుజాలకెత్తుకున్నారు. కొంత దూరం దిగాక బావ మాస్కు పక్కకు జరిపాడు. "బామ్మర్దీ, మంచం మోతలు వద్దని బయలెల్లిన. నన్నే మోస్తుండ్రు. జంగుబాయికి చెప్పకు, నవ్వుతది."

"మాస్కు పెట్టుకో."

ఆ తర్వాత జోకులు ఆగిపోయాయి. నాకు అసలు భయం అప్పుడు పట్టుకుంది. దారి ఇరుకైన చోట పోర్టర్లు అడుగడుగూ చూసుకుంటూ దిగుతున్నారు. కింద వాగు చప్పుడు. సిలిండర్ ముల్లు ఎర్ర గీత దగ్గరికి వచ్చింది. నేను దాన్నీ, ఆయన పెదవుల రంగునూ మార్చి మార్చి చూస్తూ నడిచాను. పెదవులు నీలంగా మారాయి. "సెకండ్ షిఫ్టోళ్లు వచ్చిండ్రా?" అని అడిగాడు. మిల్లులో ఉన్నాననుకుంటున్నాడు. వచ్చారని చెప్పాను. "మరి మిషన్ ఎందుకు బంద్ పెట్టిండ్రు?" అన్నాడు.

సిలిండర్ అయిపోయింది. అప్పటికి చెట్లు మొదలయ్యే ఎత్తుకు దిగాం. నేగి మళ్లీ ఆక్సీమీటర్ పెట్టాడు. ఆక్సిజన్ లేకుండానే అంకె పొద్దుటి కంటే పైన ఉంది. "దేఖా?" అన్నాడు, చూశావా అన్నట్టు. పోర్టర్లు ఆగలేదు.

రోడ్డు దగ్గర అంబులెన్సు, తర్వాత కొండ కింది పట్నంలో ఆసుపత్రి. ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తుల మీదా తెల్లటి మచ్చలు. రక్తంలో ఆక్సిజన్ కొలిచే ఏబీజీ పరీక్ష కోసం మణికట్టు దగ్గర రక్తం తీశారు. డాక్టర్ హిందీలో నెమ్మదిగా చెప్పాడు: "దీన్ని హేప్ అంటాం. హై ఆల్టిట్యూడ్ పల్మనరీ ఎడీమా. ఎత్తు వల్ల ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. కిందికి దించడమే దీనికి మొదటి మందు. అది మీరు కొండ మీదే మొదలుపెట్టారు."

ఆదిలాబాద్ నుంచి అక్క ఫోన్. "బావకియ్యి."

"పండుకున్నడే."

"పగటీలి పండుకునే మనిషి కాదు ఆయన. నిజం చెప్పు తమ్మీ."

చెప్పాను. అక్క ఏడవలేదు. "నువ్వు ఆడనే ఉండు. పక్కకు పోకు," అంది.

హేప్ అయితే త్వరగానే తేరుకుంటారని చెప్పారు. అలాగే తేరుకుంటూ వచ్చాడు, ఇడ్లీ అడిగాడు. ఆక్సిజన్ తగ్గించారు. అంతలో చలిజ్వరం. ఆక్సిజన్ అంకె మళ్లీ పడింది. గాలిని లోపలికి నెట్టే బైపాప్ మాస్కు ముఖానికి బిగుతుగా పెట్టారు. రక్తం గడ్డ ఏదైనా ఊపిరితిత్తుల్లో ఇరుక్కుందేమోనని సీటీ యాంజియోకు తీసుకుపోయారు. ఆ తలుపు బయట బెంచీ మీద నేను ఆయన చొక్కా పట్టుకుని కూర్చున్నాను. జేబులో పత్తి కవరు అలాగే ఉంది.

డాక్టర్ బయటికి వచ్చాడు. "గడ్డ లేదు. ఇన్ఫెక్షన్ చేరింది, న్యుమోనియా. ఇది హేప్ అంత త్వరగా లొంగదు. యాంటీబయాటిక్ మార్చాం, చూద్దాం." ఆ 'చూద్దాం' మీదే మేం రోజులు గడిపాం. ఒక మధ్యాహ్నం మాస్కు తీయగానే బావ అన్న మొదటి మాట: "గీ మాస్కు కన్న మిల్లు నూగే నయం."

కరీంనగర్ వచ్చాక ఊపిరితిత్తుల డాక్టరమ్మకు చూపించాం. టూడీ ఎకోలో గుండె బాగుంది. ఊపిరి బలం కొలిచే పీఎఫ్‌టీ గొట్టంలోకి ఊదమంటే బావ సగంలోనే దగ్గాడు. ఆమె కాగితం చూస్తూ అంది: "మిల్లు దుమ్ముతో గాలిగొట్టాలు బిగుసుకున్నాయి. కొండ మీద జరిగింది దీనివల్లే అని నేను చెప్పలేను. కానీ దగ్గు మీకు అలవాటైపోయింది. అందుకే కొత్త దగ్గు వస్తే గుర్తుపట్టలేకపోయారు." ఇన్హేలర్ రాసింది. ఇక ఎత్తయిన కొండలు వద్దంది.

మార్కెట్‌కు పోవడానికి బావ చాలా రోజులు జంకాడు. చివరికి నన్ను వెంటబెట్టుకుని పోయాడు. ఆ ముసలి రైతు ఎదురుగానే కనిపించాడు.

"మంచు దాక పోలేదట గద భావూ?"

"పోలే కాకా."

"మరి మా పత్తేది?"

బావ జేబులోంచి కవరు తీశాడు. ముసలాయన పత్తిని రెండు వేళ్లతో విడదీసి ఎండకు పట్టి చూశాడు. "తెల్లగనే ఉన్నది. మంచు ముచ్చట మాకెందుకు గని, జీపు ఎప్పుడొస్తది చెప్పు."

జీపు వచ్చింది. పాతదే, కానీ ఇంజను గట్టిది. తొలి వానకు ఒక గూడెం నుంచి నిండు గర్భిణిని ఉట్నూర్ చేర్చింది. బావకు ఫోన్ చేసి చెప్పింది జంగుబాయే: "తల్లి మంచిగున్నది, పిల్ల మంచిగున్నది. మీరెట్లున్నరు సార్?" బావ ఇప్పుడు మిషన్ల దగ్గర కాదు, పత్తి తూచే కాంటా దగ్గర పనిచేస్తున్నాడు. ముక్కుకు గుడ్డ కట్టుకుంటాడు.

చదివేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. కదలకుండా కూర్చున్నప్పుడు కూడా ఆయాసం వస్తుంటే ఆ దగ్గుకు పాత పేరు పెట్టకండి. కొండ మీద ఉంటే, శిఖరం కళ్లముందున్నా సరే, ఆ నిమిషమే దిగండి. ఊళ్లో ఉంటే ఆసుపత్రికి వెళ్లండి.

మొన్న జలుబుతో ఫోన్‌లో మాట్లాడుతూ దగ్గాను. బావ తన మాట ఆపేశాడు.

"బామ్మర్దీ, మెట్లెక్కుతున్నవా, కూసున్నవా?"

"కూసున్న."

"ఆయాసం ఉన్నదా?"

"జర ఉన్నట్టున్నది."

"అయితే లే. దవాఖానకు నడువు. బెల్లం తర్వాత తిందువు."