మింగిన లైను

విజయవాడ వన్ టౌన్‌లో కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా మిషన్ నూనె వాసనకు కాసేపు ఆగిపోతాను. పామర్రులో మా నాన్న టైలరు కొట్టు వాసన అది.

ఆ కొట్టు అరుగు మీద ఒక పొడవాటి బల్ల, దాని మీద రోజూ రెండు దినపత్రికలు ఉండేవి. ఒకటి ఒక పార్టీని మోసేది, రెండోది దాని ఎదుటి పార్టీని. తొలకరి వానలకు అరుగంతా చిత్తడిగా ఉన్న రోజుల్లో కూడా, నారుమడి బురద ఆరని కాళ్ళతో సుబ్బారాయుడుగారు, బడికి వెళ్ళే దారిలో సైకిలు గోడకు ఆనించి దేవసహాయం మాస్టారు వచ్చి ఆ బల్లకు చెరో చివర కూర్చునేవారు. ఉగాదికి ఆయన ఇంటి బొబ్బట్లు, క్రిస్మస్‌కు ఈయన ఇంటి అరిసెలు ఆ బల్ల మీదికే వచ్చేవి. ఎలక్షన్లప్పుడు నాన్న రెండు పార్టీల జెండాలూ ఒకే మిషను మీద కుట్టేవాడు. మిగిలిన గుడ్డముక్కలన్నీ కలిపి నేను నా బొమ్మకు బొంత కుట్టుకునేదాన్ని. ఏ రంగు పక్కన ఏ రంగు ఉండకూడదో నాకెవరూ చెప్పలేదు.

నాన్న పెట్టిన నియమం ఒకటుండేది. ఎవరి పార్టీ పేపరు వాళ్ళు చదవకూడదు, ఎదుటివాళ్ళది అందరికీ వినబడేలా పైకి చదవాలి. "మా మాట మీ నోటితో వింటే తప్ప నాకు టీ అరగదండీ" అని మాస్టారు ఉడికించేవారు. సుబ్బారాయుడుగారు వేపాకు నమిలినట్టు మొహం పెట్టి చదివేవారు. తనవాళ్ళను మరీ ఎండగట్టిన చోట ఒక్కోసారి లైను దాటేసేవారు. నాన్న మిషను ఆపి, తలెత్తకుండానే, "మింగారండీ, మళ్ళీ చదవండి" అనేవాడు. ఎలా తెలిసిందని అడిగితే, మింగబోయేవాడు ముందు ఊపిరి బిగబడతాడని చెప్పాడు.

ఒక ఎన్నికల్లో సుబ్బారాయుడుగారి పార్టీ చిత్తుగా ఓడిపోయింది. ఆ మర్నాడు ఆయన రారనుకున్నాం. వచ్చారు. గెలిచినవాళ్ళ పేపరు మొదటి పేజీ అంతా ఒక్క లైను మింగకుండా చదివారు. ఆ రోజు మాస్టారు ఒక్క ఎకసెక్కం ఆడలేదు.

నాన్న పోయాడు, సుబ్బారాయుడుగారూ పోయారు. ఇప్పుడు మిషను ముందు మా తమ్ముడు కూర్చుంటున్నాడు. గత వారం జాకెట్లు కుట్టించుకుందామని వెళితే బల్ల మీద ఒకటే పేపరు కనిపించింది, ప్రభుత్వాన్ని మోసేది. రెండోది ఏదని అడిగాను. వాడు సూదిలోకి దారం ఎక్కిస్తూ, ఎవరూ బెదిరించలేదక్కా అన్నాడు. స్కూలు యూనిఫారాల కుట్టుపని ఇప్పించేవాళ్ళు వచ్చి, నీకెందుకీ పేపరు అని నవ్వుతూ అడిగారట. అంతే. వాడికి ఇద్దరు పిల్లలు.

ఎన్నికలు జరుగుతూనే ఉన్నాయి. జనం ఎండలో నిలబడి ఓట్లు వేస్తూనే ఉన్నారు. ఎదుటివాడి మాటకు మన గొంతు కాసేపు అరువివ్వడం మాత్రం పోయింది. అది పోయిన రోజు ఎవరూ గమనించినట్టు లేదు.

అంతలో కొట్టు ముందు ఆటో ఆగింది. దేవసహాయం మాస్టారు కర్ర పట్టుకుని దిగారు. ఒంట్లో బాగాలేక ఆయన అరుగు ఎక్కి ఆరు నెలలైందట, చూపు బాగా మందగించింది. గొంతును బట్టి నన్ను పోల్చుకుని, బల్ల మీది పేపరు చదవమన్నారు. చదివాను. నాయకుడి ఉపన్యాసం వచ్చింది. మమ్మల్ని ప్రశ్నించేవాళ్ళు ఈ నేల మనుషులే కారు అన్న లైను ఉంది అందులో. దాటేశాను.

"మింగావమ్మా" అన్నారు మాస్టారు.

వెనక్కి వెళ్ళి చదివాను. ఆయన కర్ర మీద గడ్డం ఆనించి చివరిదాకా విన్నారు.

"సరే, వాళ్ళది విన్నాం. ఇక రెండోది మీ తమ్ముణ్ణి చదవమను."

తమ్ముడు మిషను ఆపాడు. "ఇవాళ ఇంకా రాలేదండీ మాస్టారూ."

"రానీరా, కూర్చుంటాను" అని ఆయన బల్ల మీద తన చివరికి జరిగారు. రెండో చివర ఖాళీగానే ఉంది.

నేను నిజం చెప్పలేదు. ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. ఆయనకు వినబడే ఉంటుంది.