మట్టిలో పెద్దమ్మ గీత

మా పెద్దమ్మ పోయింది. ఎర్రగుంట్లలో నాపరాళ్లు పాలిష్ పట్టే మిషన్ దగ్గర ఉండగా ఫోనొచ్చింది. మైదుకూరు మీదుగా ఊరు చేరేసరికి శవపెట్టె వచ్చి ఉంది. పెద్దమ్మ మోకాళ్లు చాపుదామంటే రాలేదు. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాం. "ఇక నొప్పి లేని చోటికి పోయింది" అన్నారు పాస్టరు గారు. కావచ్చు. నొప్పి ఉన్న చోట ఎవరు పట్టించుకున్నారనేదే నా మంట.

అమ్మ కూలికి పోతే నన్ను సాకింది ఈమే. ఫ్లోరిన్ నీళ్లు తాగీ తాగీ ఆమె ఎముకలు బిగుసుకుపోయాయి. మెడ తిరగదు. వెనక నుంచి పిలిస్తే మనిషంతా తిరిగేది. "ముందుకొచ్చి మాట్లాడప్పా, నా మెడకు రివర్స్ గేరు లేదు" అనేది. కుడికాలు ఎత్తలేక ఈడ్చేది. నడిచిన చోటల్లా మట్టిలో ఒక గీత పడేది.

ఒకసారి సైంటిస్టులొచ్చి మా బోరింగు నీళ్లు సీసాల్లో పట్టుకున్నారు. ఆమె మోకాళ్లు చూపించబోతే "మాది నీళ్ల వరకేనమ్మా" అన్నారు. ఈ నీళ్లు తాగొద్దని బోరింగుకు ఎర్ర రంగు కొట్టి పోయారు. వేరే నీళ్లు దూరం. ఎర్ర బోరింగు నీళ్లే తాగాం.

తర్వాత లంకమల అడవికి వేరే సైంటిస్టులొచ్చారు, కలివికోడి కోసం. ఎవరి కంటా పడని పిట్ట అది. దాని అడుగు పడుతుందేమోనని పొదల మధ్య మెత్తటి మట్టి పరిచారు. చెట్లకు కెమెరాలు కట్టారు. వాళ్లకు వంట పెద్దమ్మది, సామాన్ల మోత నాది.

ఒక పొద్దున ఆ మట్టిలో పొడవాటి గీత కనబడింది. వాళ్ల పెద్దసారు బోర్లా పడుకుని చూశాడు. స్కేలు పెట్టి ఫోటోలు తీశాడు. "ఏం జంతువు? ఉడుమా? దాని తోకా?" అని పక్కవాళ్లను అడుగుతున్నాడు. ఆ కళ్లలో వెలుగు చూడాలి! మా పెద్దమ్మ ఒంటిని అట్లా చూసినవాడు ఒక్కడు లేడు, డాక్టర్లతో సహా.

టీ గ్లాసులతో వచ్చిన పెద్దమ్మ పకపకా నవ్వింది. "ఉడుమూ కాదు గిడుమూ కాదు సార్. కట్టెలకు పోయింటి. అది నా కాలే."

సారు లేచి చొక్కా దులుపుకున్నాడు. మంచివాడే. "ఇటు నడవొద్దమ్మా, గుర్తులు పాడవుతాయి" అన్నాడు మర్యాదగా. కాలెందుకు ఈడుస్తున్నావని అడగలేదు. ఆ మట్టి నాతోనే చదును చేయించాడు.

"నువ్వు పిట్టవై పుట్టింటే బాగుండు పెద్దమ్మా" అన్నాను కడుపుమంటతో.

"పిట్ట మీద కుళ్లుకుంటాండావేమిరా యెర్రోడా? దాన్ని చూసేవాళ్లన్నా ఉండారు, ఉండనీ." మోకాలు రుద్దుకుంది. "చూసేవాళ్లుంటే నొప్పి గూడా సిగ్గుపడి శానా తగ్గుతాదప్పా."

ఆమెకు కుళ్లు లేదు. నాకుంది, ఇప్పటికీ. పిట్టను వెతకొద్దని కాదు. ఆ ఓపికలో ఒక్క పూట మా పెద్దమ్మకిస్తే ఏం పోయేదో మీరే చెప్పండి. మా జబ్బువాళ్ల కోసం అడవి గాలించే పని కూడా లేదు. ప్రతి అరుగు మీదా కూర్చునే ఉంటారు.

పెద్దమ్మను మట్టి చేసి వచ్చాక అమ్మ వాకిలి ఊడ్వబోతే చేతిలో పొరక లాక్కున్నాను. జనం తొక్కగా, గోడవారన పెద్దమ్మ కాలిగీత కొంచెం మిగిలింది. మర్నాడు పొద్దున చూస్తే ఏదో పిట్ట దాని పక్కనే నడిచిపోయింది. మూడు వేళ్ల గుర్తులు, చక్కగా, వరసగా.

బోర్లా పడుకున్నాను. గీత చెదరకుండా, ఆ పిట్ట అడుగులు ఒక్కొక్కటే వేలితో తుడిచేశాను.